ముప్ఫై ఏడేళ్లకు కత్తి పట్టిన జూలియా

ఫుడ్ ప్రాసెసర్ కొని అటకెక్కించిన ఇళ్లు మనలో ఎన్నో! క్యారెట్ వేస్తే సగం తురుము, సగం ముద్ద అయిందని ఒకరు. మిషన్‌లో తరిగితే కూరకి రుచి రాదని అత్తగారు అన్నారని ఇంకొకరు. అసలు మిషన్ పెట్టుకోవడమే బద్ధకం అనుకునేవాళ్లూ లేకపోలేదు. వాళ్లందరూ అమెరికాలో ఇంటింటికీ వంట నేర్పిన జూలియా ఛైల్డ్ గురించి తెలుసుకోవాలి.

జూలియా 1912 ఆగస్టు 15న కాలిఫోర్నియాలోని పాసడీనాలో పుట్టింది. కలవారి ఇల్లు, వంటకి మనిషి ఉండేది. అందుకని వంటింటితో ఆమెకు పనే పడలేదు. 1934లో స్మిత్ కాలేజీలో డిగ్రీ పూర్తిచేసింది. ఆరడుగుల రెండంగుళాల పొడుగు మనిషి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా గూఢచారి శాఖలో గుమాస్తా పనికి చేరి, 1944లో మన పక్కనే ఉన్న సిలోన్‌కి, కాండీ పట్నానికి వచ్చింది. పాల్ ఛైల్డ్ పరిచయమైంది అక్కడే. ఆమెకన్నా పదేళ్లు పెద్ద, మంచి భోజనప్రియుడు. 1946లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

1948లో పాల్ ఉద్యోగరీత్యా కాపురం పారిస్‌కి మారింది. అక్కడి తిండి రుచి చూశాక, ఇంత బాగా వండటం తనకూ రావాలన్న పట్టుదల పుట్టింది. 1949లో ల కోర్డాన్ బ్లూ వంటల స్కూల్లో చేరింది. అప్పటికామెకు ముప్ఫై ఏడేళ్లు. తోటి విద్యార్థులు సైన్యం నుంచి వచ్చిన మగవాళ్లు. స్కూల్లో నేర్చుకున్న కత్తి పనినీ, వంటనీ ఇంటికొచ్చి మళ్లీ సాధన చేసేది. మొదటిసారి పరీక్ష తప్పింది. అయినా చదువు మానలేదు, 1951లో డిప్లొమా చేతికొచ్చింది.

తర్వాత ఇద్దరు ఫ్రెంచి స్నేహితురాళ్లతో కలిసి ఫ్రెంచి వంటల పుస్తకం రాయడానికి పూనుకుంది. ఏళ్ల తరబడి శ్రమపడి రాస్తే ఒక ప్రచురణ సంస్థ కాదంది. చివరికి 1961లో వేరే సంస్థ వేసింది. 1963లో బోస్టన్ టీవీలో వంటల కార్యక్రమం మొదలయ్యేసరికి ఆమెకు యాభై ఏళ్లు. బంగాళాదుంప అట్టు తిరగేస్తుంటే పెనం దాటి పడిపోయినా, కెమెరా ముందే ఎత్తి సర్దేసింది. చూసే ఆడవాళ్లకి భయం పోయింది.

కత్తి మీద ఇంత సాధన చేసిన మనిషి మిషన్‌ని చిన్నచూపు చూడాలి కదా? అలా చూడలేదు. హోటళ్ల కోసం ఫ్రాన్స్‌లో పియర్ వెర్డన్ తయారుచేసిన యంత్రాన్ని కార్ల్ సాంట్‌హైమర్ అనే అమెరికన్ ఇంజనీరు 1971లో చూశాడు. దాన్ని ఇళ్లకు పనికొచ్చేలా మార్పించి 1973లో అమెరికాలో అమ్మకానికి పెట్టాడు. మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. దాని విలువ కనిపెట్టి నలుగురికీ చెప్పినవాళ్లలో అరవై దాటిన జూలియా ఒకరు. చేపమాంసాన్ని రోట్లో దంచి, జల్లెడ పట్టి చేసే వంటకాలు ఆమె ఎరిగినవే. ఆ చాకిరీ నిమిషాల్లో తేలిపోతుంటే ఎందుకు కాదనాలి? 1983లో తన పాత పుస్తకాన్ని సవరించినప్పుడు మిషన్‌తో చేసే పద్ధతులనూ చేర్చింది.

అయితే మిషన్‌కి బుద్ధి ఉండదు. మనం ఎలా అందిస్తే అలాగే కోస్తుంది. అందుకే కత్తి పని తెలిసినవాళ్ల చేతిలో అది బాగా పలుకుతుంది.

కూర ఏదైనా రెండు కొసలూ సమంగా కోస్తే గొట్టంలో నిటారుగా నిలబడుతుంది. గొట్టం వదులుగా ఉంటే ముక్క ఒరిగిపోయి, చక్రాలు ఏటవాలుగా వస్తాయి. కాబట్టి సందు లేకుండా సర్దాలి. క్యారెట్ నిలబెడితే తురుము పొట్టిగా, అడ్డంగా పడుకోబెడితే పొడుగ్గా వస్తుంది. క్యాబేజీకి మధ్యలోని గట్టి కాడ తీసేసి, గొట్టంలో పట్టేట్టు చీలికలు చేసుకోవాలి. ఉల్లిపాయని నిలువునా రెండు చెక్కలు చేసి నిలబెడితే అర్ధచంద్రాకారపు ముక్కలు పడతాయి. మామిడికాయకి టెంక, క్యాప్సికమ్‌కి గింజలు ముందే తీసేయాలి. చీజ్ మెత్తగా ఉంటే అరగంట ఫ్రీజర్‌లో పెట్టి తురిమితే బ్లేడుకి అంటుకోదు. బంగాళాదుంప చక్రాలను వెంటనే చన్నీళ్లలో వేయాలి. వేయించేముందు తడి తుడవాలి.

నొక్కడంలోనూ తేడా ఉంది. టమాటాకి తేలిగ్గా, దోసకాయకి ఓ మోస్తరుగా, క్యారెట్, బీట్‌రూట్‌లకి గట్టిగా నొక్కాలి. టమాటా మరీ పండింది కాకుండా గట్టిది ఎంచుకోవాలి. చాకు మొన దిగనంత గట్టి వస్తువు మిషన్‌లో వేయకూడదు. వేళ్లతో ఎప్పుడూ తోయొద్దు, దానికి ఇచ్చిన పుషర్‌తోనే తోయాలి. బ్లేడు మార్చేముందు ప్లగ్గు తీసేయాలి. తడి లేనివి ముందు, రసం కారేవి తర్వాత వేస్తే మధ్యలో గిన్నె కడిగే పని తప్పుతుంది.

జూలియా పొడుగుకి మామూలు వంటగట్టు అందక నడుం వంగిపోతుందని, కేంబ్రిడ్జ్ ఇంట్లో పాల్ దాన్ని రెండంగుళాలు పెంచి 38 అంగుళాల ఎత్తున కట్టించాడు. ఆ వంటింటిని 2001లో ఆమె వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి ఇచ్చేసింది. 2004 ఆగస్టు 13న, తొంభై రెండో పుట్టినరోజుకి రెండు రోజుల ముందు కన్నుమూసింది.

వంటగది మనిషికి తగ్గట్టు ఉండాలి, మనిషి వంటగదికి తగ్గట్టు వంగిపోకూడదు. మనింట్లో ఆ మిషన్‌ని అటక దించడం బద్ధకమేం కాదు. ఈ ఆదివారం ఒక్క క్యాబేజీతో మొదలుపెట్టి చూడండి.