ఎర్ర సిగ్నల్ దాటిన వీరుడు – టామ్ సింప్సన్

బదిలీ మీద ఖరగ్‌పూర్‌కు వచ్చిన కొత్తలో మేము ముందుగా నేర్చుకున్న దారి గోల్‌బజార్ దారే. ఉద్యోగరీత్యా ఎన్నో ఊళ్ళు తిరిగాం. కానీ కూరగాయల కొట్టు ముందు నిలబడితే ఒక పక్క బెంగాలీ, ఒక పక్క హిందీ, మరో పక్క అచ్చమైన శ్రీకాకుళం తెలుగు వినిపించే బజారు మాకు ఇదే మొదటిది. తాతల కాలంలో రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాల పిల్లలు మా తరగతుల్లో ఉన్నారు. వాళ్ళలో చాలామంది బడికి సైకిలు మీదే వస్తారు.

ఈ సంవత్సరం క్రీడా పోటీలకు కొద్దిరోజుల ముందు, ఒక సాయంత్రం గోల్‌బజార్‌లో సైకిలుకు పంచరు వేయించుకుంటూ ఉండగా మా విద్యార్థి ఒకడు కనిపించాడు. జేబులోంచి ఒక పొడి పొట్లం తీసి చూపించాడు. దాని మీద పేరు లేదు, తయారైన ఊరు లేదు. ఇది వేసుకుంటే అలసట రాదట, వేసుకోమంటారా అని అడిగాడు. వద్దన్నాం. అవతలివాళ్ళు వేసుకుంటూ ఉంటే తానొక్కడే ఎందుకు ఓడిపోవాలని మళ్ళీ అడిగాడు. అక్కడ నిలబడి మేము ఏదో చెప్పాం గాని, ఆ జవాబు మాకే చాలలేదు. ఇంటికి వచ్చాక గుర్తుకు వచ్చిన జీవితం టామ్ సింప్సన్‌ది. ఆ విద్యార్థికీ, అలాంటి ప్రశ్న మనసులో ఉన్న మిగతా పిల్లలకూ ఈ కథ.

టామ్ సింప్సన్ 1937 నవంబరు 30న ఇంగ్లండ్‌లోని డర్హమ్ ప్రాంతంలో, హాస్వెల్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఆరుగురు పిల్లల్లో టామ్ ఆఖరివాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వాళ్ళ కుటుంబం హార్వర్త్ అనే మరో గని ఊరికి తరలిపోయింది. మన ఊరికి రైలు ఎలాగో ఆ ఊరికి బొగ్గు అలాగ. ఇంటింటికీ సరుకులు చేరవేసే పని చేస్తూ టామ్ సైకిలు మీద కాళ్ళు గట్టిపరుచుకున్నాడు. ఊళ్ళోని సైకిల్ క్లబ్బులో చేరినప్పుడు అతని బక్కపలచని ఒళ్ళు చూసి, ఆ రోజుల్లో మహా ఛాంపియన్ అయిన ఇటలీ సైక్లిస్టు కొప్పి పేరు పెట్టి పెద్దవాళ్ళు ఆటపట్టించేవారు. బడి చదువు అయ్యాక ఒక ఇంజనీరింగ్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ పనికి అప్రెంటిస్‌గా చేరాడు. ఆ పనికి రాకపోకలు కూడా సైకిలు మీదే. మన వర్క్‌షాపులో అప్రెంటిస్ చేసిన అన్నయ్యలు ఉన్న ఇళ్ళకు ఈ జీవితం కొత్తగా అనిపించదు.

కష్టం ఫలించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో, పందొమ్మిదేళ్ళ వయసులో, బ్రిటన్ జట్టుతో కలిసి ట్రాక్ పోటీలో కాంస్య పతకం గెలిచాడు. 1958లో కార్డిఫ్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడల్లో రజతం వచ్చింది. కానీ ఆ రోజుల్లో రోడ్డు సైక్లింగ్‌లో పేరు, డబ్బు రావాలంటే ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ వెళ్ళాల్సిందే. 1959లో టామ్ దాచుకున్న 100 పౌండ్లు, రెండు సైకిళ్ళతో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతానికి బయలుదేరాడు. అక్కడి భాష రాదు. పోటీల్లో గెలిస్తేనే చేతికి డబ్బు. ఊరు కాని ఊళ్ళో మొదటి నెలలు ఎలా గడుస్తాయో బదిలీల మీద తిరిగే మాకు కొంత తెలుసు. ఆ కుర్రవాడి వెనుక నెల జీతం కూడా లేదు.

అయినా అతను భాష నేర్చుకున్నాడు, మనుషుల్ని నవ్వించాడు, పోటీలు గెలిచాడు. అదే ఏడు ప్రొఫెషనల్ రైడర్ అయ్యాడు. 1961లో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ గెలిచాడు. ఆ పోటీ గెలిచిన మొదటి బ్రిటన్ దేశీయుడు ఆయనే. 1962లో టూర్ డి ఫ్రాన్స్‌లో మొత్తం మీద ముందున్నవారికి ఇచ్చే పసుపు జెర్సీని ఒక్క రోజు తొడుక్కున్నాడు. అది తొడుక్కున్న మొదటి బ్రిటన్ దేశీయుడు కూడా ఆయనే. ఆ పోటీని ఆరో స్థానంలో ముగించాడు. 1964లో మిలాన్–సాన్ రేమో గెలిచాడు. 1965లో స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బ్రిటన్‌లో ఆ ఏటి మేటి క్రీడాకారుడిగా బిబిసి ఆయన్నే ఎంపిక చేసింది. భార్య హెలెన్, ఇద్దరు ఆడపిల్లలతో బెల్జియంలోని గెంట్ నగరంలో కాపురం పెట్టాడు. గని కార్మికుడి ఇంట్లో ఆరో బిడ్డగా పుట్టినవాడు అంత ఎత్తుకు ఎదగడం చిన్న సంగతి కాదు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే మంచి పాఠమే అయ్యేది. కానీ కథ ఇంకా ఉంది.

ఆ రోజుల్లో సైకిల్ పోటీల్లో ఆంఫెటమైన్ అనే మందు చాలామంది జేబుల్లో ఉండేది. సింప్సన్ కూడా వాడేవాడని తోటి రైడర్లు తరువాత చెప్పారు. ఈ మందు ఏం చేస్తుందో మన ఊరి పిల్లలకు రైలు భాషలో చెప్పడం తేలిక. సిగ్నల్ ఎర్రగా ఉంటే ఎంత ఆలస్యమైనా సరే, లోకో పైలట్ బండి ఆపాలి. మన ఒంట్లో అలసట, దాహం, కళ్ళు తిరగడం అన్నీ ఎర్ర సిగ్నళ్ళే. ఆంఫెటమైన్ కొత్త బలం పుట్టించదు. ఎర్ర దీపాన్ని పచ్చగా చూపిస్తుంది. లోపల ప్రమాదం అలాగే ఉంటుంది, కనిపించదు అంతే. పైగా ఒంట్లో వేడిని పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది. మండుటెండలో కొండ ఎక్కేవాడికి అంతకంటే చేటు ఇంకోటి లేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో డెన్మార్క్ సైక్లిస్టు క్నుడ్ ఎనెమార్క్ యెన్సెన్ ఎండలో పోటీ మధ్యలో కూలి చనిపోయాడు. ఆ మరణానికి కారణం మందా, ఎండా అన్న వాదన ఎన్నో ఏళ్ళు సాగింది. కానీ అధికారులకు భయం పట్టుకుంది. 1965లో ఫ్రాన్స్ క్రీడల్లో మందులు వాడకుండా చట్టం చేసింది. 1966 టూర్‌లో మొదటిసారి పరీక్షలకు వైద్యులు వస్తే, మరునాడు రైడర్లు సైకిళ్ళు దిగి నడిచి నిరసన తెలిపారు. ఒకరిద్దరి తప్పుగా మొదలైంది వాడుకగా మారిపోతే, పరీక్షించేవాడే శత్రువులా కనిపిస్తాడు.

1967 టూర్ నాటికి సింప్సన్‌కు 29 ఏళ్ళు. ముందటి ఏడు కాలు విరిగి చాలా పోటీలు పోయాయి. ఈసారి టూర్‌లో మంచి స్థానం వస్తేనే తరువాతి పోటీలకు పిలుపులు, డబ్బు. దారిలో కడుపు చెడింది. తిండి సహించలేదు. జట్టువారు ఆగమన్నా ఆగలేదు. జులై 13న మార్సెయ్ నుంచి కార్పెంత్రాస్ వరకు 200 కిలోమీటర్లకు పైగా సాగే పదమూడో అంచె. మధ్యలో మాంట్ వెంటూ కొండ. ఎత్తు సుమారు 1,910 మీటర్లు. మన శ్రీకాకుళం సరిహద్దులోని మహేంద్రగిరి కంటే 400 మీటర్లు ఎక్కువ. శిఖరం దగ్గర చెట్టు లేదు, నీడ లేదు. తెల్లని రాళ్ళ మీద ఎండ కాస్తుంది. ఆ రోజు ఎండ 40 డిగ్రీలు దాటింది. అప్పటి నియమం ప్రకారం రైడరుకు రోజంతా నాలుగు సీసాల నీళ్ళే, అంటే సుమారు రెండు లీటర్లు. దారిలో ఆయన బ్రాందీ కూడా తాగాడు.

శిఖరం ఇంకా కిలోమీటరు పైచిలుకు ఉందనగా సింప్సన్ సైకిలు తూలడం మొదలుపెట్టింది. పడ్డాడు. పోటీ విరమించమన్నా ఒప్పుకోలేదు. మళ్ళీ సైకిలు ఎక్కించారు. కొంత దూరం పోయాక మళ్ళీ కూలాడు. ఈసారి హ్యాండిలు పట్టుకున్న చేతుల్ని విడదీయాల్సి వచ్చింది. టూర్ వైద్యుడు అక్కడే రోడ్డు మీద ప్రాణం నిలబెట్టాలని ప్రయత్నించాడు. హెలికాప్టర్‌లో అవిన్యోఁ ఆసుపత్రికి చేర్చారు. ఆ సాయంత్రమే మరణించినట్టు ప్రకటించారు. జెర్సీ జేబుల్లో మూడు మందు గొట్టాలు దొరికాయి. రెండు ఖాళీ, ఒకటి సగం. శవపరీక్షలో ఆంఫెటమైన్, మద్యం బయటపడ్డాయి. ఎండ, నీళ్ళు చాలకపోవడం, జబ్బు, మందు అన్నీ కలిసి ఆ గుండెను ఆపేశాయి. హార్వర్త్‌లో అంత్యక్రియలకు వేలమంది వచ్చారు.

సింప్సన్‌ను దుర్మార్గుడు అని మేము అనలేం. ఆయన చిన్నప్పటి నుంచి పడ్డ కష్టం నిజం, గెలుపు వెనుక ధైర్యం నిజం. అందుకే ఈ కథ బాధ పెడుతుంది. అయితే ఆ రోజు ఆయన వెనుక, ఇంకా వెనుక, నీళ్ళు తప్ప ఏమీ తాగకుండా అదే కొండ ఎక్కినవాడు ఒక్కడైనా ఉంటే, అతని పేరు మనకు తెలుసా? తెలియదు. మందు తీసుకున్నవాడి నష్టం వెంటనే కనిపిస్తుంది. నిజాయతీపరుడి నష్టం ఏ పుస్తకంలోనూ ఎక్కదు.

అతని ముందు మూడే దారులు. మందు లేకుండా తొక్కి వెనకబడడం మొదటిది. వెనకబడితే జట్టులో చోటు పోతుంది, జీతం పోతుంది. తానూ మందు తీసుకోవడం రెండోది. ఆట వదిలి ఇంటికి పోవడం మూడోది. ఫ్రాన్స్ రైడర్ క్రిస్టఫ్ బాసోన్స్ కథ చూడండి. 1998లో ఆయన ఉన్న ఫెస్టినా జట్టు మందుల కేసులో పట్టుబడింది. విచారణలో తోటివాళ్ళే ఆయన మాత్రం తీసుకోడని చెప్పారు. మరుసటి ఏడు టూర్‌లో మందుల గురించి ఆయన పత్రికలో రాస్తుంటే మిగతా రైడర్లు మాట్లాడడం మానేశారు. ఒంటరివాడై పోటీ మధ్యలోనే తప్పుకున్నాడు. 2001లో ప్రొఫెషనల్ సైక్లింగ్‌నే వదిలేశాడు. తప్పు చేయనివాడు బయటికి పోయాడు, చేసినవాళ్ళు రోడ్డు మీద మిగిలారు.

ఆ 1999 టూర్ మొదలుకొని వరుసగా ఏడుసార్లు గెలిచిన అమెరికా రైడర్ లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ బిరుదులన్నీ 2012లో రద్దయ్యాయి. ఆ ఏడేళ్ళ విజేత గడులు నేటికీ ఖాళీయే. రెండోవాడికి ఇద్దామంటే ఆ కాలంలో ముందు నిలిచిన చాలామంది మీదా మచ్చలున్నాయి. ఇరవయ్యో స్థానంలోనో ముప్పయ్యో స్థానంలోనో ఉన్న నిజాయతీపరుణ్ణి ఏ పరీక్ష వెతికి తేగలదు? ఇంకో నష్టం కూడా ఉంది. ఇప్పుడు మచ్చలేనివాడు గెలిచినా చూసేవాళ్ళకు అనుమానమే. పరీక్ష హాల్లో చీటీలు సాగిన గదిలో కష్టపడి చదివిన పిల్లవాడి మార్కులను కూడా ఎవరూ నమ్మరు కదా, అలాగ.

సింప్సన్ మరణం వృథా పోలేదు. 1968 నుంచి ఒలింపిక్స్‌లో, టూర్‌లో పరీక్షలు గట్టిపడ్డాయి. 1999లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ ఏర్పడింది. మన దేశంలో 2005లో జాతీయ సంస్థ వచ్చింది, 2022లో చట్టం వచ్చింది. పిల్లలు గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. ఒంట్లో నిషేధిత మందు దొరికితే బాధ్యత ఆటగాడిదే. తెలియక తిన్నానన్నా తప్పించుకోవడం కష్టం. అందుకే పేరులేని పొట్లం ఎవరిచ్చినా పుచ్చుకోకూడదు. వ్యాయామ ఉపాధ్యాయుడికో, వైద్యుడికో, ఇంట్లో పెద్దవాళ్ళకో చూపించాలి.

మా విద్యార్థి ఆ పొట్లం పారేశాడు. పోటీలో నాలుగోవాడిగా వచ్చాడు. పతకం రాలేదు. ముందున్న ముగ్గురి గురించి మనం ఏమీ అనకూడదు, వాళ్ళు తమ కష్టంతోనే గెలిచి ఉండవచ్చు. కానీ ఈ నాలుగో స్థానం మాత్రం పూర్తిగా ఇతనిదే. అతను అడిగిన ప్రశ్నకు ఇప్పుడు మా జవాబు ఇది. నిజాయతీగా ఆడితే ఒక్కోసారి ఓడిపోతాం, ఆ నష్టం నిజమే. దాన్ని పిల్లవాడి ఒక్కడి మీదే వేయకుండా పంచుకోవలసింది మేము, తల్లిదండ్రులు, ఆట నడిపే పెద్దలు. నాలుగోవాడికి కూడా చప్పట్లు కొట్టడం మేము ముందుగా నేర్చుకోవాలి.

మాంట్ వెంటూ మీద సింప్సన్ కూలిన చోట ఒక స్మారక శిల ఉంది. కొండ ఎక్కే సైక్లిస్టులు ఆగి, టోపీలు, నీళ్ళ సీసాలు అక్కడ పెట్టి వెళ్తారు. మొన్న సాయంత్రం గోల్‌బజార్‌లో మా విద్యార్థి మళ్ళీ కనిపించాడు. సైకిలు చెయినుకు నూనె వేయించుకుంటున్నాడు. వచ్చే ఏడు పోటీకి సాధన మొదలుపెట్టాడట. ఎండ తగ్గాక తొక్కమని, సీసా నిండా నీళ్ళు పెట్టుకోమని చెప్పి వచ్చాం.