గంట తప్పు కాదు

ఇగ్నాస్ సెమ్మెల్‌వైస్ 1818లో హంగేరీలోని బుడాలో కతోలిక కుటుంబంలో పుట్టారు. వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో వైద్యులయ్యారు. అక్కడ మంత్రసానులు చూసే విభాగంలోకంటే డాక్టర్లు, విద్యార్థులు చూసే విభాగంలోనే బాలింత జ్వరంతో ఎక్కువమంది పోయేవారు. కడపటి సంస్కారాలకు వచ్చే గురువు గంట విని తల్లులు హడలిపోతున్నారేమోనని అనుమానించారు. సెమ్మెల్‌వైస్ కోరగా గురువు గంట లేకుండా, వేరే దారిన వచ్చారు. చావులు తగ్గలేదు. (గురువులం మాకిది కాస్త ఊరటే!)

1847 మార్చిలో శవపరీక్ష చేస్తుండగా విద్యార్థి కత్తి గుచ్చుకుని ఆయన మిత్రుడు కొల్లెచ్కా అవే లక్షణాలతో మరణించారు. అప్పుడు అర్థమైంది: శవాలను కోసిన చేతులే కాన్పులు చేస్తున్నాయి. మే నుంచి అందరూ క్లోరిన్ నీటితో చేతులు కడగాలన్నారు. తర్వాత పనిముట్లకూ అదే నియమం. ఏప్రిల్‌లో నూటికి 18గా ఉన్న మరణాలు జూన్‌లో 2కు దిగాయి. ఆయన వాడిన క్లోరిన్ సున్నం మనమెరిగిన బ్లీచింగ్ పౌడరే. ఫ్లోరైడ్ నీటిని బాగుచేసే నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నంతోపాటు అదీ వేస్తారు.

పెద్ద డాక్టర్లకు కోపమొచ్చింది. నీ చేతులే చంపాయంటే ఎవరు ఒప్పుకుంటారు? 1849లో ఆయన ఉద్యోగం పొడిగించలేదు. 1865 ఆగస్టు 13న మానసిక చికిత్సాలయంలో, గాయం చీముపట్టి, 47 ఏళ్లకే కన్నుమూశారు. సరిగ్గా ముందురోజే గ్లాస్గోలో లిస్టర్ ఒక బాలుడి గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో కట్టుకట్టారు.