విప్పి చూచిన విద్య: శ్రీ జి.డి. నాయుడు

మాఘమాసపు మంచు ఉదయాలలో శృంగవరపుకోట నుండి అరకు బయలుదేరే పాత అంబాసిడర్ కారు ఒక్కొక్కప్పుడు మొరాయిస్తుంది. చుట్టూ చేరినవారు తలకొక మాట చెబుతారు. బ్యాటరీ మార్చమని ఒకరు, వెనుక నుండి తోయమని మరొకరు. షెడ్డులోని ఉస్తాద్ మాత్రం తొందరపడడు. దీపాలు వెలిగించి స్టార్టరు తిప్పమంటాడు. అవి మసకబారితే బ్యాటరీ బలహీనమై ఉండాలి, లేదా దాని తీగల మొనలకు చిలుము పట్టి ఉండాలి. ఇంజను తిరిగి కూడా అంటుకోకపోతే ప్లగ్గు విప్పుతాడు. అది పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని అర్థం. తడిగా ఉంటే పెట్రోలు అందుతున్నట్లే. ఇక చూడవలసినది నిప్పురవ్వను. అదీ లేకపోతే డిస్ట్రిబ్యూటరు మూతలోని చెమ్మ తుడిచి, పాయింట్లు శుభ్రం చేస్తాడు.

ఊహతో కాక పరీక్షతో దోషాన్ని పట్టుకొనే ఈ పద్ధతినే జీవితసూత్రం చేసుకొన్న మహనీయులు కోయంబత్తూరు తెలుగువారైన శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు.

వారు 1893 మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో జన్మించారు. బడి చదువు వారికి రుచించలేదు. అది ప్రాథమిక తరగతులతోనే ముగిసింది. యౌవనంలో ఒక ఆంగ్లేయ అధికారి నడుపుతున్న రడ్జ్ మోటారు సైకిలు వారి కంట పడింది. ఎద్దు లేక, గుర్రం లేక బండి ఎట్లా కదులుతున్నదన్న ప్రశ్న వారిని నిలువనీయలేదు. హోటలులో సర్వరుగా పనిచేసి, పైసా పైసా కూడబెట్టి అటువంటి బండిని కొన్నారు. దానిపై ఊరేగలేదు. భాగం భాగంగా విప్పి, తిరిగి బిగించి, ఏ మర ఏ పని చేస్తుందో చేతులతో నేర్చుకొన్నారు.

1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య స్వయంగా నడిపారు. ప్రయాణికులు కాచుకొని ఉండగా బండి కదలకపోతే పోయేది ఆ పూట రాబడి ఒక్కటే కాదు, జనం నమ్మకం కూడా. ఆ నమ్మకం నిలిచింది గనుకనే ఆ ఒక్క బస్సు నుండి యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే పెద్ద సంస్థ వెలసింది. 1937లో వారి కర్మాగారం నుండి, శ్రీ డి. బాలసుందరం నాయుడుగారి సహకారంతో, స్వదేశీ విద్యుత్ మోటారు వెలువడింది.

1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న కాలంలో, నాలుగేళ్ల చదువును అంతకంటె తక్కువ కాలంలో నేర్పవచ్చునని వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు; వారు పదవిని వదలుకొన్నారు. తరువాత సామాన్యునికి అందే వెలలో చిన్న కారును రూపొందించినా, తయారీకి అనుమతి లభించలేదు. పానాతో సరిచేయలేని దోషాలూ లోకంలో ఉన్నాయి. 1974 జనవరి 4న వారు పరమపదించారు.

ఈ చరిత్ర చదివినప్పుడు మేము మమ్ములనే ప్రశ్నించుకొన్నాము. పాఠం అందుకోలేని విద్యార్థిని దోషం ఎక్కడున్నదో వెదకకుండా మందమతి అని తేల్చివేసిన రోజులు మాకూ ఉన్నాయి. పరీక్షించకుండా బ్యాటరీ మార్చమనేవారికీ మాకూ భేదమేమి? ఆ పిల్లవానికి ఆకలి కావచ్చు, భాష రాకపోవడం కావచ్చు, రాత్రి షెడ్డులో పనిచేసిన అలసట కావచ్చు.

విద్యార్థులారా! గోళ్లలో గ్రీజు మిగిలిందని తరగతిలో చేతులు దాచుకొనకండి. మీ తండ్రులూ అన్నలూ నిత్యం చేసే ఆ పరీక్ష గొప్ప శాస్త్రం. దానిని పుస్తకం దగ్గరకు తీసుకొని రండి. నాయుడుగారికి దొరకని పుస్తకమూ, వారికి దొరికిన పానా, రెండూ మీ చేతిలో ఉన్నాయి.