కోనసముందర్ ఉక్కుకు అక్షర సాక్షి వాయిసీ

కమ్మర్‌పల్లి: కోనసముందర్ దిబ్బల్లో దొరికే నల్లటి పెంకులు, ఇనుప చిట్టెం ఏ కాలపువో, ఏ పనికి వాడినవో తేల్చాలంటే పరిశోధకులు నేటికీ ఒక ఆంగ్ల వైద్యుని రాతలను ఆశ్రయించాల్సిందే. ఆయనే డాక్టర్ హెన్రీ వెస్లీ వాయిసీ. రెండు శతాబ్దాల క్రితం ఇక్కడి కమ్మరుల కొలిమిని కళ్లారా చూసి, చూసింది చూసినట్లు నమోదు చేసిన శాస్త్రవేత్త.

వైద్యుడే భూగర్భ శాస్త్రవేత్త

వాయిసీ 1791లో జన్మించారు. కర్నల్ విలియం లాంబ్టన్ సారథ్యంలో సాగుతున్న మహా త్రికోణమితి సర్వేలో 1818లో వైద్యునిగా, భూగర్భ శాస్త్రవేత్తగా చేరారు. రోగులకు మందులిస్తూనే హైదరాబాద్ ప్రాంతపు రాళ్లను, నేలలను పరిశీలించి పటం గీశారు. దేశంలో తొలి భూగర్భ పటాల్లో అది ఒకటి. బనగానపల్లె వజ్రపు గనులను, ఆగ్రా కట్టడాల రాళ్లను కూడా అధ్యయనం చేశారు. 1819లో కృష్ణా, గోదావరి నదుల నడుమ అడవుల్లో సర్వే చేస్తుండగా ఆయన, సహచరుడు జార్జ్ ఎవరెస్ట్ తీవ్ర జ్వరం బారిన పడ్డారు.

కొలిమి ముందు శాస్త్రవేత్త

గోదావరికి దక్షిణాన ఉన్న కోనసముందర్‌లో ఉక్కు తయారీని వాయిసీ అడుగడుగునా గమనించారు. పాత కొలిముల, మూసల ముక్కలను పొడి చేసి, మట్టిలో వరిపొట్టు, నూనె కలిపి కొత్త మూసలు చేసేవారు. రెండు చోట్ల నుంచి వచ్చిన ఇనుమును మూడు పాళ్లకు రెండు పాళ్లుగా కలిపి మూసలో పెట్టి, 24 గంటలు తిత్తులతో మంట వేసేవారు. చల్లారాక మూస పగలగొడితే సుమారు ఒకటిన్నర పౌండ్ల ఉక్కు బిళ్ల వచ్చేది. దానికి మట్టి పూసి, 12 నుంచి 16 గంటల చొప్పున మూడు నాలుగుసార్లు కాల్చి మెత్తబరిచేవారు. ఈ ఉక్కు కోసం పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు కూడా ఆయనకు అక్కడ తారసపడ్డాడు.

అకాల మరణం

1823లో లాంబ్టన్ కన్నుమూశారు. మరుసటి ఏడాది కలకత్తాకు వెళుతూ 1824 ఏప్రిల్ 19న వాయిసీ దారిలోనే మరణించారు. అప్పటికి ఆయనకు 34 ఏళ్లు నిండలేదు. ఉక్కుపై ఆయన రాసిన వ్యాసం 1832లో గానీ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలుగు చూడలేదు.

పెంకులను గుర్తించేదిలా

వంటకుండ పెంకుకు, మూస పెంకుకు తేడాను వాయిసీ వర్ణనే తెలియజెబుతుంది. మూస పెంకు వెలుపలి భాగం మంటకు కరిగి గాజులా మెరుస్తుంది. లోపలి గోడపై కరిగిన ఉక్కు నిలిచిన గీత కనిపిస్తుంది. మట్టిలో వరిపొట్టు జాడలుంటాయి. అయితే పెంకు ఆకారాన్ని బట్టి మాత్రమే కాలం చెప్పడం సాధ్యం కాదు. చిట్టెంలో చిక్కిన బొగ్గును రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షించి వయస్సు లెక్కగడతారు. 1820 ప్రాంతంలో కొలిములు మండుతూనే ఉన్నాయన్న వాయిసీ సాక్ష్యం ఆ లెక్కకు ఒక గట్టి ఆధారం.

2010లో బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి ఇటువంటి ఆనవాళ్లను నమోదు చేశారు.

చదును చేస్తే చరిత్ర మాయం

చిట్టెం దిబ్బను చదును చేసినా, బాటలకు తరలించినా ఏ పొరలో ఏది ఉందో తెలిసే అవకాశం పోతుంది. చోటు తప్పిన పెంకు మూసదేనని గుర్తించవచ్చు గానీ, దాని కాలాన్ని నిర్ణయించడం దుస్సాధ్యం. దున్నకంలో ఇటువంటివి బయటపడితే కదిలించకుండా ఉంచి, పురావస్తు శాఖకు తెలపడం మేలు. ఈ నేలను పొగిడిన వారు అనేకులు. దాని పనితనాన్ని కొలిచి రాసిపెట్టిన వాయిసీ శ్రమ సార్థకం కావాలంటే ఆ దిబ్బలు మిగలాలి.