రోగికి చదువు చెప్పిన వైద్యుడు – డాక్టర్ జోస్లిన్

మన సమావేశాలలో టీ అందించే కుర్రవాడు ముందుగా అడిగే ప్రశ్న, చక్కెర వేసినదా, వేయనిదా అని. మనలో ఎంతమందికి మధుమేహం ఉన్నదో ఆ పళ్ళెం చూస్తేనే తెలిసిపోతుంది. ఈ వ్యాధి ఉన్నవారు తమ వైద్యంలో సగం తామే చేసుకోవాలనీ, అందుకు వారికి తగిన చదువు చెప్పాలనీ జీవితమంతా పాటుపడిన మహనీయుడు డాక్టర్ ఇలియట్ ప్రాక్టర్ జోస్లిన్. ఈ ప్రత్యేక సంచికలో ఆయనను స్మరించుకోవడం సముచితం.

జోస్లిన్ 1869 జూన్ 6న అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి బూట్ల కర్మాగారం యజమాని, కలిగిన కుటుంబం. యేల్‌లో పట్టభద్రులై, 1895లో హార్వర్డ్ వైద్య కళాశాల నుండి డాక్టరు పట్టా పొందారు. ఇంకా విద్యార్థిగా ఉండగానే, 1893లో, ఒక మధుమేహ రోగి వివరాలను పుస్తకంలో రాసుకున్నారు. ఆ అలవాటు చివరి వరకు మానలేదు. ఎవరికి ఏ వయసులో వ్యాధి వచ్చింది, ఏ చికిత్స జరిగింది, ఎన్నేళ్ళు జీవించారు, దేనివల్ల మరణించారు అన్నవన్నీ ఆ రిజిస్టర్లలోకి ఎక్కేవి. ఏళ్ళ తరబడి రిజిస్టర్లు రాసిన మనకు, ఓపికగా నింపిన కాలమ్‌ల విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

1898లో ఆయన బోస్టన్ నగరంలో ప్రాక్టీసు ప్రారంభించారు. తరువాత కొద్దికాలానికే ఆయన తల్లికే మధుమేహం ఉన్నట్లు తేలింది. అప్పటికి ఇన్సులిన్ లేదు, మాత్రలు లేవు. చిన్న వయసులో ఈ వ్యాధి వస్తే సాధారణంగా ఒకటి రెండేళ్ళకు మించి బ్రతికేవారు కాదు. పెద్దవారి విషయంలో ఆహార నియమం ఒక్కటే ఆధారం. ఆ తల్లి కుమారుని పర్యవేక్షణలో పథ్యం పాటించి, పదేళ్ళకు పైగా జీవించి, 1913లో కన్నుమూశారు. డాక్టరు రాసి ఇచ్చే చీటీ కంటే, రోజూ వంటింట్లో జరిగే నిర్ణయాలే ఈ వ్యాధిలో ముఖ్యమని ఆయన స్వంత ఇంట్లోనే కళ్ళారా చూశారు.

1916లో, తాను చూసిన వెయ్యి మంది రోగుల అనుభవం ఆధారంగా వైద్యుల కోసం పెద్ద గ్రంథం ప్రచురించారు. 1918లో వెలువరించిన చేతి పుస్తకం ఇంకా విశేషమైనది. అది డాక్టరుకూ రోగికీ ఇద్దరికీ ఉద్దేశించినది. రోగికి వ్యాధి వివరాలు ఎక్కువ చెప్పడం అనవసరమని చాలామంది భావించే రోజులలో, ఏ పదార్థంలో ఎంత పిండిపదార్థం ఉన్నది, మూత్రంలో చక్కెరను ఇంట్లోనే ఎలా పరీక్షించుకోవాలి వంటివన్నీ సామాన్యునికి అర్థమయ్యేలా అందులో రాశారు. బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి కాచి, నీలం రంగు ఆకుపచ్చగా మారిందా, ఇటుక రంగుకు తిరిగిందా అని చూసిన రోజులు మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటాయి.

ఆ కాలపు పథ్యం కఠోరమైనది. డాక్టర్ ఫ్రెడరిక్ ఆలెన్ ప్రతిపాదించిన అర్ధాకలి పద్ధతిని జోస్లిన్ కూడా అనుసరించారు. పిల్లలు ఎముకల గూడులయ్యేవారు. కొందరికి అది కొద్ది నెలల పొడిగింపు మాత్రమే. కాని 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్‌ను కనుగొన్నారు. అప్పటిదాకా ప్రాణం నిలుపుకున్నవారికి కొత్త జీవితం లభించింది. 1922 ఆగస్టులో జోస్లిన్ తన మొదటి ఇన్సులిన్ ఇంజెక్షన్‌ను వ్యాధితో చిక్కి శల్యమైన ఒక నర్సుకు ఇచ్చారు. నడవలేని స్థితిలో ఉన్న ఆమె కొద్ది వారాలలోనే మైళ్ళ దూరం నడవగలిగింది.

ఇక మందు వచ్చింది, పథ్యంతో పనేమిటని చాలామంది అనుకున్నారు. జోస్లిన్ ఆలోచన వేరు. మందు వచ్చింది కనుకనే చదువు అవసరం రెట్టింపు అయిందన్నది ఆయన వాదం. ఇంజెక్షన్ రోజూ ఇంట్లో చేసుకోవాలి. తక్కువైతే చక్కెర పెరుగుతుంది, ఎక్కువైతే పడిపోయి స్పృహ తప్పుతుంది. డాక్టరు రోజూ పక్కన ఉండడు కదా! అందుకని బోస్టన్‌లోని డీకొనెస్ ఆసుపత్రిలో రోగులకు తరగతులు నడిపించారు. సిరంజి ఉడికించడం, మోతాదు కొలవడం, ఆహారం తూయడం రోగుల చేతనే చేయించేవారు. శిక్షణ పొందిన నర్సులు రోగుల ఇళ్ళకు వెళ్ళి నేర్పేవారు. ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం మూడు గుర్రాల బండి వంటివనీ, పగ్గాలు రోగి చేతిలోనే ఉండాలనీ ఆయన బోధ. ఎక్కువ తెలుసుకున్న రోగే ఎక్కువ కాలం జీవిస్తాడని ఆయన నమ్మకం.

బూట్ల కర్మాగారం వారి బిడ్డ పాదాల గురించి ఎంతో పట్టుదలగా చెప్పేవారు. పాదాలను రోజూ కడిగి, తుడిచి, వేళ్ళ మధ్య పరీక్షించుకోవాలనేవారు. చిన్న పుండు ముదిరి కాలు తీసివేయవలసి వచ్చిన వారిని ఆయన ఎందరినో చూశారు.

1921లోనే ఆయన ఒక ఉదంతం ప్రకటించారు. ఒక ఊరిలో పక్కపక్కనే ఉన్న మూడు ఇళ్ళలో నివసించిన ఏడుగురు కుటుంబ పెద్దలలో ఆరుగురు మధుమేహంతో మరణించారు. అదే అంటువ్యాధి అయితే అధికారులు పరుగెత్తుకొని వచ్చేవారు, మధుమేహం కనుక ఎవరూ కదలలేదని ఆయన ఆవేదన. 1946లో ఆయన స్వగ్రామం ఆక్స్‌ఫర్డ్‌లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఇంటింటి పరీక్షలు ప్రారంభించినప్పుడు 70 మందికి వ్యాధి ఉన్నట్లు తేలింది. వారిలో 30 మందికి ఆ సంగతి అంతవరకు తెలియనే తెలియదు.

ఆయనపై విమర్శలూ లేకపోలేదు. ఇన్సులిన్ వచ్చాక పథ్యం సడలించవచ్చన్న వైద్యులు ఆయనను ఛాందసుడన్నారు. ఆయన క్రమశిక్షణ కొందరు రోగులకు భారమయింది. చక్కెర పెరిగితే తప్పు చేసినట్లు కుమిలిపోయేవారు ఉన్నారు. అయితే ఆయన మందలింపుతో ఆగలేదు, మెప్పునూ పంచారు. 25 ఏళ్ళు వ్యాధితో జీవించి, కళ్ళకు, రక్తనాళాలకు హాని లేకుండా ఉన్నవారికి పతకాలు ఇచ్చారు. పిల్లల కోసం వేసవి శిబిరాలకు అండగా నిలిచారు.

1952లో ఆయన వైద్య బృందం జోస్లిన్ క్లినిక్‌గా రూపొందింది. తొంభై దాటాక కూడా రోగులను చూస్తూనే ఉన్నారు. పదవీ విరమణ అనే మాటకు ఆయన జీవితంలో చోటు దొరకలేదు. 1962 జనవరి 28న, 92వ ఏట, నిద్రలోనే ప్రశాంతంగా కన్నుమూశారు.

ఆయన వాదానికి గట్టి రుజువు మరో 31 ఏళ్ళకు గాని రాలేదు. ఇన్సులిన్ వాడే 1,441 మందిపై అమెరికా, కెనడాలలో జరిపిన పరిశోధన ఫలితాలు 1993లో వెలువడ్డాయి. చక్కెరను జాగ్రత్తగా అదుపు చేసుకున్న వారిలో కంటి జబ్బు వచ్చే అవకాశం 76 శాతం తగ్గింది. మనవంటి పెద్దవారిలో ఎక్కువగా కనిపించే రకం మధుమేహంలోనూ అదుపు మేలు చేస్తుందని 1998లో బ్రిటన్ పరిశోధన తెలిపింది. అదే అధ్యయనాలు మరొక హెచ్చరికా చేశాయి. గట్టి అదుపుతో చక్కెర హఠాత్తుగా పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. వయసు మళ్ళినవారికి అది మరీ హానికరం కనుక, ఎంత అదుపు కావాలన్నది డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవలసినది.

సభ్యులు వచ్చేసారి డాక్టరు వద్దకు వెళ్ళేటప్పుడు వెంట ఒక నోటుపుస్తకం తీసుకువెళ్ళాలని మనవి. పరీక్ష ఫలితాలు, వాడే మందులు, అడగదలచిన సందేహాలు అందులో తేదీల వారీగా రాసుకోండి. ఇంట్లో వంట చేసేవారిని కూడా వెంట తీసుకువెళ్ళండి. రాత్రి పడుకోబోయే ముందు పాదాలు ఒకసారి చూసుకోండి. చూపు ఆనకపోతే మనుమడినో మనుమరాలినో చూడమనండి. ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి ఇదే.