చీనా మహామంత్రి వాంగ్ ఆన్‌షీ

ఒక మంత్రి గతించిన పిమ్మట ఎనిమిది శతాబ్దములు పండితలోకము ఆతనిని రాజ్యనాశకుడని దూషించి, ఆ పిదప దేశోద్ధారకుడని కొనియాడుట చరిత్రమున అరుదు. సుంగ్ వంశీయుల కాలమున చీనాకు మహామంత్రియైన వాంగ్ ఆన్‌షీ విషయమున అట్లే జరిగినది. రాజ్యము గుణవంతులైన మనుష్యులచే నిలుచునా, చక్కని శాసనములచే నిలుచునా యనునది చీనా రాజనీతిలో కన్‌ఫ్యూషియస్ నాటినుండి యున్న వివాదము. దానిని గ్రంథములలోనుండి పెరికి రైతు గాదెకడకు, శిస్తు లెక్కకడకు తెచ్చిన సాహసి యితడు.

వాంగ్ క్రీ. శ. 1021లో జన్మించెను. స్వస్థలము దక్షిణ చీనాలోని లిన్‌చువాన్. తండ్రి జిల్లా ఉద్యోగి యగుటచే బదిలీయైన చోటికెల్ల కుటుంబము వెంట నడచెను. బాలుడు పల్లెల కష్టసుఖములను చూచుచు పెరిగెను. 1042లో రాజ్యమంతటికి జరుగు ఉద్యోగపరీక్షలో నాలుగవ స్థానమున ఉత్తీర్ణుడయ్యెను. అట్టివానికి రాజధానిలో కొలువు దొరకుట సులభము. ఇతడో, వచ్చిన యవకాశములను పలుమాఱు త్రోసిపుచ్చి జిల్లాలనే కోరుకొనెను. 1047 మొదలు మూడేండ్లు సముద్రతీరమందలి యిన్ జిల్లాను, అనగా నేటి నింగ్‌పో ప్రాంతమును, పాలించుచు నీటివనరులు బాగుచేయించెను. పాతగింజలు తఱిగి క్రొత్తపంట యింకను చేతికి రాని నెలలలో ప్రభుత్వ గాదెలలోని ధాన్యమును రైతులకు అప్పిచ్చి, పంటమీద వడ్డీతో రాబట్టెను. గాదెలో ధాన్యము ముక్కిపోలేదు; రైతు షావుకారు గడప త్రొక్కలేదు. ఒక జిల్లాలో తన కన్నులయెదుట ఫలించిన యేర్పాటు సామ్రాజ్యమంతటను ఫలించునని ఆతడు నమ్మెను. ఆతని కీర్తికిని అపకీర్తికిని మూలము ఆ నమ్మకమే.

మనిషి విచిత్రుడు. స్నానము తలపడు, మాసిన బట్ట మార్చడు. మిత్రులు ఆతని పాతబట్టలు తీసి క్రొత్తవి పెట్టగా, అవి యెక్కడివని యడుగకయే తొడిగికొని పోయెనట. శత్రువులు దీనిని కపటమనిరి. మాకు ఇది పరధ్యానముగనే తోచుచున్నది.

1058లో ఆతడు చక్రవర్తికి సమర్పించిన దీర్ఘవిజ్ఞాపనము పదివేల యక్షరముల లేఖగా ప్రసిద్ధి కెక్కినది. రాజ్యమునకు ముఖ్యమైన కొఱత సమర్థులైన మనుష్యులు లేకుండుటయే యని అందలి సారము. పద్యములల్లుటలో పరీక్షించి ఎన్నుకొన్నవానిని నేడు శిస్తుకు, రేపు న్యాయవిచారణకు, ఎల్లుండి మఱియొక శాఖకు మార్చినచో వానికి ఏ పని యలవడునని ఆతని వాదము. చక్రవర్తి దానిని చదివి యూరకుండెను.

ఆనాటి సుంగ్ రాజ్యము ధనవంతమే గాని బొక్కసము మాత్రము వట్టిపోవుచుండెను. సైన్యము పదిలక్షలకు మించియుండెను. ఉత్తరమున లియావ్ రాజ్యమునకు 1004 సంధి ప్రకారము ఏటేట 1,00,000 తులముల వెండియు 2,00,000 తానుల పట్టును చెల్లింపవలసి యుండగా, 1042లో ఆ రెంటికిని మఱియొక లక్ష చొప్పున చేరినది. 1067లో సింహాసన మెక్కిన షెన్‌త్సుంగ్ చక్రవర్తి యిరువదేండ్లు నిండని యువకుడు; పూర్వులు కోల్పోయిన భూములను తిరిగి గొనవలెనని తహతహ గలవాడు. ఆతడు వాంగును పిలిపించి, 1069లో ఉపమంత్రిగను మఱుసటి యేట మహామంత్రిగను నియమించెను.

అంతట శాసనములు వరుసగా వెలువడెను. వానిలో మిక్కిలి కలకలము పుట్టించినది 1069 నాటి లేఁబైరు ఋణముల శాసనము. ధరలను నిలుపుటకై యుంచిన ప్రభుత్వగాదెల మూలధనమునుండి విత్తుటకు ముందు రైతునకు అప్పిచ్చి, శిస్తుతోపాటు నూటికి 20 వంతున వడ్డీ చేర్చి రాబట్టుట దీని విధానము. తక్కావి అప్పుల కథ విన్న మన పాఠకులకు ఇది వింతగా నుండదు. షావుకార్లు పైరుపైరుకు అంతకు రెండింతలు మూడింతలు గుంజుచుండిన కాలమది.

వెట్టిసేవ విషయమున ఆతడు చేసిన మార్పు ఇంతకంటె లోతైనది. ప్రభుత్వపు సరకులను కాపాడుట, దూరప్రాంతములకు చేరవేయుట మొదలగు పనులు గ్రామములలోని కలిగిన కుటుంబములపై బడుచుండెను. సరకు నష్టమైన వారే తీర్పవలెను. ఆ భయముచే నాస్తి తక్కువగా కనబడుటకై అన్నదమ్ములు వేఱుపడుటయు, రైతులు భూమిని పెంపు చేసికొనకుండుటయు సామాన్యమయ్యెను. వాంగ్ భార్య యొకమాఱు ఆతనికై 9 లక్షల కాసులిచ్చి యొక స్త్రీని కొని తెచ్చెనట. ఆమె నడుగగా, తన భర్త సైనికోద్యోగి యనియు, ఆతడు తెచ్చుచుండిన ప్రభుత్వపు బియ్యము పోగొట్టగా ఆస్తి చాలక తన్ను కూడ నమ్మెననియు తెలిపెను. వాంగ్ ఆ భర్తను రప్పించి, పైకము తిరిగి యడుగక, ఆమె నాతనితో బంపెను. ఈ కథను వ్రాసి యుంచినవాడు వాంగునకు అనుకూలుడు గాడు, అందుచే నమ్మదగియున్నది. 1071లో ఆ సేవ లన్నియు రద్దుచేసి, తరగతుల వారీగా పన్ను వసూలు చేసి కూలికి మనుష్యులను పెట్టుకొను పద్ధతి యేర్పడెను. అంతవఱకు మినహాయింపు లనుభవించిన ఉద్యోగుల యిండ్లును మఠములును సగము పన్ను కట్టవలసి వచ్చెను. 1072లో భూములను కొలిపించి, మట్టిగుణమునుబట్టి శిస్తు నిర్ణయింప నారంభించిరి. దాచిన భూములు బయటపడెను. పెద్దభూస్వాములు నుద్యోగులు నొక్కటై లేచుటకు వేఱు కారణము వెదుకనక్కఱ లేదు.

కాని ప్రతిపక్షులందఱు స్వార్థపరులని తలంచుట అన్యాయము. వారి నాయకుడైన సుమా క్వాంగ్ నిష్కళంకుడు, వాంగునకు పూర్వమిత్రుడు. లోకమున ధనము పరిమితము, ప్రభుత్వము చేత జిక్కినది ప్రజల చేతినుండి పోయినదే యని ఆతని సిద్ధాంతము. నేర్పుగలిగిన పాలనచే ధనమును పెంపవచ్చునని వాంగ్ మతము. పాలకుడు సద్వర్తనుడైన ప్రజ తానే సరిపడునని కన్‌ఫ్యూషియస్ బోధించెను. కఠినశాసనములతో రాజ్యమును బిగించిన చిన్ వంశము క్రీ. పూ. 221 మొదలు 206 వఱకు పదునైదేండ్లు మాత్రమే నిలిచి కూలుట పండితులు మఱువని పాఠము. వాంగ్ ఆ చిన్ మార్గమునే పట్టెనని వారి యారోపణ. ఆతడు తన శాసనములకు ప్రాచీనమైన చౌ రాజ్యధర్మముల గ్రంథమును ప్రమాణముగా జూపి, దానికి స్వయముగా వ్యాఖ్య వ్రాసెను. ఇరువురికిని శాస్త్రములు అవియే, గురువులు వారే.

అందువలననే రాజీ కుదరలేదు. ఒకే ధర్మమును నమ్మిన ఇరువురిలో రెండవవాని మాట భిన్నమైనచో, వాడు నీచుడై యుండవలెనని యిరుపక్షములును తలంచెను. చీనారాజనీతిలో పక్షమను మాటయే నింద. న్యాయమైన ప్రతిపక్షమునకు అందు స్థానము లేదు. చక్రవర్తిని సయితము మందలించు బాధ్యత గల నిరీక్షకోద్యోగులు అభ్యంతరము చెప్పగా, వాంగ్ వారిని తొలగించి తనవారిని నింపెను. సుమా క్వాంగ్ 1071లో లోయాంగు చేరి పదునైదేండ్లు చరిత్రరచనలో మునిగెను.

మంచివారు తొలగిన పీఠములకు ఎట్టివారు వత్తురో చెప్పనేల? ఎంత అప్పు పంచితిమని లెక్క చూపినవానికి మెప్పు గలుగుచుండెను. కావున అక్కఱ లేని రైతునకు బలవంతముగా అప్పు అంటగట్టి, కలిగినవానిని జామీను నిలిపి, వడ్డీ వసూలు చేయ నారంభించిరి. యిన్ జిల్లాలో గాదెయొద్ద వాంగ్ తానే నిలిచియుండెను. హోపే మండలమున ఆతడు లేడు. సమర్థులు లేరని 1058లో మొఱవెట్టినవాడే, వారిని తయారుచేయుటకు ముందు శాసనములను తొందరపెట్టుట ఆతని జీవితములోని పెద్దలోపము. పరీక్షలలో పద్యములు తీసివేసి, విద్యాశాలను విస్తరించెను గాని, ఆ చెట్లు కాపునకు వచ్చువఱకు ఆగలేదు.

1074లో గొప్ప క్షామము వచ్చెను. రాజధాని ద్వారపాలకోద్యోగి జెంగ్ షియా, వలసపోవు నిరుపేదల దృశ్యమును చిత్రింపించి చక్రవర్తికి జేర్చెను. వాంగ్ పదవి విడిచెను. మఱుసటి యేట తిరిగి వచ్చెను గాని, తాను పెంచిన లూ హుయ్‌చింగే శత్రువయ్యెను. 1076లో కుమారుడు మరణించెను. ఆ యేడే పదవికి స్వస్తి చెప్పి నాంకింగ్ చేరి, గాడిద నెక్కి కొండలలో తిరుగుచు పద్యములు వ్రాసికొనెను. 1084లో తన పూర్వప్రతిపక్షి, మహాకవి సూ షీ వచ్చి చూడగా ఇరువురును స్నేహముగా గడపిరి. ఆ యేటనే తన యింటిని బౌద్ధమఠమునకు దానమిచ్చెను.

1085లో చక్రవర్తి మరణించెను. సుమా క్వాంగ్ అధికారమునకు వచ్చి, మంచిచెడ్డలు వేఱుచేయక శాసనములన్నిటిని రద్దుచేయ బూనెను. కూలిసేవ పద్ధతి నుంచవలెనని సూ షీ సయితము వాదించినను వినలేదు. రాజధానిలో ఐదు దినములలో పాతపద్ధతి నెలకొల్పి మెప్పుపొందిన ఉద్యోగి త్సాయ్ చింగ్. 1086లో వాంగును, కొన్ని నెలలకు సుమా క్వాంగును కన్నుమూసిరి. ఆ త్సాయ్ చింగే పిదప మంత్రియై, వాంగ్ పేరు చెప్పుకొని, 1104లో సుమా క్వాంగ్ మొదలుగా 309 మంది పేళ్లు ద్రోహులుగా ప్రకటించెను. ఆ యేటనే వాంగ్ ప్రతిమను కన్‌ఫ్యూషియస్ ఆలయమున నిలిపిరి. 1127లో ఉత్తరపు జుర్చెన్ జాతివారు రాజధాని కైఫెంగును దోచి ఇరువురు చక్రవర్తులను చెఱపట్టగా, నేరమంతయు వాంగుపై మోపిరి. 1241లో ప్రతిమను తీసివేసిరి. జపానున ప్రవాసిగా నుండిన లియాంగ్ చిచావో 1908లో ఆతని చరిత్రము వ్రాసి నిందలను ఖండించెను. వాంగ్ మార్పజూచిన ఉద్యోగపరీక్షలు అప్పటికి మూడేండ్ల క్రిందటనే రద్దయినవి.