ఎముక క్యాన్సర్ మందు వెనుక మన భీమవరం

పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో బెడ్‌పాన్‌లు కడిగే పని. అమెరికాలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి బతుకు అలా మొదలైంది. ఇలాంటి డ్యూటీలు చేసే మన పాఠకులకు ఆ కష్టం మేము విడమరిచి చెప్పక్కర్లేదు.

1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి సర్జరీ ప్రొఫెసర్ కోపానికి గురయ్యారు. దాంతో ఎంబీబీఎస్ రాలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో పోయారు. 1923లో మామగారి సాయంతో బోస్టన్ చేరారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. పసికందుగానే పోయిన కొడుకును ఆయన చూడనే లేదు. మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఇది మాకు మింగుడుపడని విషయమే.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించిందీ అక్కడే. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది.

అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. కణం రెండుగా చీలాలంటే డీఎన్ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. ఆ విటమిన్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్. అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించే ఓ చిన్న అణువు తయారుచేస్తే? అది తాళంలో ఇరుక్కున్న దొంగతాళంచెవిలా ఎంజైమ్‌లో చిక్కుకుపోతుంది. ఇక కణం పెరగదు. ఆ బృందం చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకిచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు. వయసు 53.

అదే ల్యాబ్‌లో పుట్టిన తోబుట్టువు మందు మెథోట్రెక్సేట్. ఆ రోజుల్లో ఎముక క్యాన్సర్ ఆస్టియోసార్కోమా వస్తే కాలో చెయ్యో తీసేసేవారు. అయినా చాలామంది పిల్లల్లో అది ఊపిరితిత్తులకు పాకేది. ఆపరేషన్ ఒక్కటే చేస్తే ఐదుగురిలో ఒకరు బతకడమే గొప్ప. 1970లలో ఫార్బర్ దగ్గర పనిచేసిన నార్మన్ జాఫీ మెథోట్రెక్సేట్‌ను మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల్లోని గడ్డలు కొందరిలో కరిగాయి. తర్వాత అడ్రియామైసిన్, సిస్‌ప్లాటిన్ తోడయ్యాయి. ఇప్పుడు జబ్బు పాకకముందే పట్టుకుంటే ముగ్గురిలో దాదాపు ఇద్దరు బతుకుతున్నారు. కాలు తీయకుండా గడ్డ మాత్రం తీసే ఆపరేషన్లూ ఎక్కువయ్యాయి.

అంత మోతాదు మంచి కణాలనూ బతకనివ్వదు. అందుకే మందు ఎక్కించిన మర్నాడు ఫోలిక్ యాసిడ్ చుట్టమైన ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. సెలైన్ బాగా ఎక్కిస్తారు. రక్తంలో మందు మోతాదు సురక్షిత స్థాయికి దిగేదాకా రోజూ పరీక్ష చేస్తూ ఆ రక్షణ మందును కొనసాగిస్తారు.